రోగి ఊరు అడగని వైద్య పాఠం

2019లో ఎంబీబీఎస్ చదువుకు కొత్త పాఠ్య ప్రణాళిక వచ్చింది. రోగితో నడుచుకునే తీరు, నీతి, మాట్లాడే పద్ధతి కూడా నేర్పాలని అందులో చేర్చారు. మొదటి ఏడాదిలోనే డాక్టరు కావడమంటే ఏమిటి, రోగి కావడమంటే ఏమిటి అనే పాఠాలున్నాయి. ఆ తర్వాత విద్యార్థులు పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకునే కార్యక్రమమూ వచ్చింది. ఇవి మంచి మార్పులే, కాదనం. కానీ ఆదివాసీల వైపు నుంచి చూస్తే ఒక వెలితి కనబడుతుంది. మర్యాదగా మాట్లాడటం నేర్పినంత మాత్రాన అసమానతను గుర్తించి వైద్యం చేయడం నేర్పినట్టు కాదు.

సికిల్ సెల్ జబ్బునే తీసుకుందాం. తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా ఆ లక్షణం అందితే ఈ రక్తపు జబ్బు వస్తుంది. ఒక్కరి నుంచే అందితే ఆ మనిషి వాహకుడు మాత్రమే. మన తెగల్లో ఇది ఎక్కువ. 2023 జులై 1న మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును రూపుమాపాలని లక్ష్యం పెట్టుకుంది.

పరీక్ష తర్వాత సంగతేమిటి? డాక్టరు చెప్పే మాటలు సరైనవే. నీళ్లు బాగా తాగాలి, చలిలో తిరగొద్దు, మరీ అలసిపోవద్దు, హైడ్రాక్సీయూరియా రోజూ వేసుకోవాలి, మధ్యమధ్య రక్తపరీక్ష చేయించుకోవాలి. కానీ ఊటకు దిగి బిందె మోసుకొచ్చే ఇంట్లో నీళ్లు లెక్క చూసుకునే తాగుతారు. కొండ మీద చలి తప్పదు, పోడులో పనీ తప్పదు. వాగు పొంగితే మందు అందదు. రక్తపరీక్షకు పోతే ఆ రోజు కూలి పోతుంది. తీరా చీటీ మీద ‘మందులు సరిగా వాడటం లేదు’ అని రాస్తారు. ఆ ఒక్క మాటతో దారి లేకపోవడం, మందు లేకపోవడం రోగి చేసిన తప్పులైపోతాయి. బడికి రాని పిల్లవాడికి ‘చదువు మీద ఆసక్తి లేదు’ అని రాయడం ఎలాంటిదో మన ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

వేల్స్‌లో గని కార్మికుల ఊళ్లో పనిచేసిన డాక్టరు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే ఈ సంగతి రాశాడు. వైద్యం అవసరం ఎక్కువున్న చోటే మంచి వైద్యం తక్కువ దొరుకుతుందన్నాడు. మన పక్కనున్న గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ ఇంకో దారి చూపారు. ఊరి ఆడవాళ్లకే పసిబిడ్డల సంరక్షణ నేర్పారు. 1999లో అచ్చయిన వారి అధ్యయనం ప్రకారం, ఆ సేవ లేని ఊళ్లతో పోలిస్తే మూడో ఏటికి నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఆసుపత్రి ఎలా ఉండాలో గోండు జనాన్ని అడిగి కట్టి, దంతేశ్వరి తల్లి పేరు పెట్టారు. అడగడం వైద్యంలో భాగమని వాళ్లు నమ్మారు.

అందుకే ‘దత్తత’ అనే మాట మాకు మింగుడుపడదు. దత్తత అంటే పెద్దవాళ్లు చిన్నవాళ్లను చేరదీయడం. ఇక్కడ నేర్చుకోవడానికి వచ్చేది విద్యార్థి, నేర్పేది కుటుంబం. ఆ సంగతి పేరులోనే తలకిందులైంది.

మేము కోరేది పెద్ద పనేమీ కాదు. నొప్పి ఎన్నాళ్లనుంచి అని అడిగినట్టే ఎంత దూరం నడిచి వచ్చారు, ఈ రోజు కూలి ఎంత పోయింది, మందు అయిపోతే ఎక్కడ తెచ్చుకుంటారు అని అడగడం నేర్పాలి. ఆ జవాబును బట్టి వైద్యం మార్చాలి. రెండు నెలల మందు ఒకేసారి ఇవ్వవచ్చా, రక్తపరీక్ష సంత రోజున ఊరి దగ్గరే చేయవచ్చా అని ఆలోచించాలి. దీనికి పరీక్షలో మార్కులుండాలి. మార్కులు లేని పాఠం ఎవరూ చదవరని మనకు తెలుసు. కొత్త విద్యార్థులకు స్థానిక భాష నేర్పాలని ప్రణాళికే చెబుతోంది. ఆదిలాబాద్‌లో ఆ భాష గోండీ, కొలామీ కూడా. పాడేరులో కువి కూడా. తెలుగుతో ఆగిపోతే సగం రోగులు మూగవాళ్లవుతారు.

ఆ కాలేజీల్లో చదివే మన పిల్లలు ఈ ప్రశ్నలు వేయాలి. ఊళ్లకు వచ్చే విద్యార్థులకు జబ్బుతో పాటు వాగునూ, ఊటనూ చూపించే పని ఉపాధ్యాయులుగా మనం తీసుకోవాలి.