పుట్టిన ఊరు అడిగిన వైద్యులు

ఊపిరితిత్తిని కప్పి ఒక పలుచని పొర, ఛాతీ గోడకు లోపల మరొకటి, మధ్య జారుడుకు కాస్త ద్రవం. ఇదే ప్లూరా. దీనికి వచ్చే అరుదైన క్యాన్సర్ మీసోథీలియోమా. ఆ జబ్బుకూ ఆస్‌బెస్టాస్‌కూ ఉన్న బంధాన్ని బలంగా బయటపెట్టిన వ్యాసం 1960లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఇండస్ట్రియల్ మెడిసిన్‌లో వచ్చింది. పరిశోధన ఎలా చేయాలో నేర్చుకోవాలంటే ఈనాటికీ దాన్ని చదవాలి.

రాసినవారు ముగ్గురు: పాథాలజిస్టు వాగ్నర్, క్షయ వైద్యుడు స్లెగ్స్, ఛాతీ సర్జన్ మార్చాండ్. దక్షిణాఫ్రికాలోని కింబర్లీలో క్షయ రోగులను చూసే స్లెగ్స్‌కు ఒక తేడా కనబడింది. ప్లూరా జబ్బుతో వచ్చినవారిలో కొందరికి క్షయ మందులు బొత్తిగా పనిచేయడం లేదు. వాళ్ళంతా పడమటి నుంచి, నీలి ఆస్‌బెస్టాస్ గనులున్న కొండల వైపు నుంచి వస్తున్నవాళ్ళే.

వ్యాసంలో 33 మంది రోగులు ఉన్నారు: 22 మంది మగవారు, 11 మంది ఆడవారు. గని కార్మికులే కాదు, గృహిణులు, పశువుల కాపరులు, ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు, ఒక అకౌంటెంటు కూడా. ఇప్పుడు చేస్తున్న పని ఒక్కటే అడిగి ఉంటే ఏ ఆధారమూ దొరికేది కాదు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ పెరిగారు అని అడిగారు కాబట్టే 32 మంది జీవితాల్లో ఆస్‌బెస్టాస్ ధూళి జాడ బయటపడింది.

ఆ ప్రశ్న ఎందుకంత అవసరమో జబ్బు నడకే చెబుతుంది. ఆస్‌బెస్టాస్ ధూళిలోని సూదిలాంటి సన్నని పోగు ఊపిరితో లోతుకు వెళుతుంది. దాన్ని మింగబోయిన రక్షక కణం, తనకంటే పొడవైన పోగును మింగలేక చస్తుంది. వాపు ఆరదు. ఊపిరితిత్తిలో మచ్చకట్టి గట్టిపడితే ఆస్‌బెస్టాసిస్. ప్లూరాకు చేరిన పోగుల వల్ల గట్టి పలకలు కట్టవచ్చు, క్యాన్సరూ రావచ్చు. మీసోథీలియోమా బయటపడటానికి 20 నుంచి 40 ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. చిన్నప్పుడు పీల్చిన ధూళి నడివయసులో చంపుతుంది.

ఈ ముగ్గురి నిగ్రహం నాకు మరీ గొప్పగా తోస్తుంది. ఇంత ఆధారం చేతిలో ఉన్నా ‘బహుశా’ అనే మాట వదల్లేదు. లెక్కకు అందని ఆ ఒక్క రోగినీ దాచలేదు.

వాళ్ళు అడిగిన ప్రశ్న మనకూ అవసరమే: మన దేశంలో తెల్ల ఆస్‌బెస్టాస్ కలిపిన సిమెంటు రేకులు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఛాతీలో నీరు చేరిందని ఆసుపత్రికి వెళ్ళినవారు, రేకులు కోసిన పని ఎన్నేళ్ళ నాటిదైనా సరే, డాక్టరు అడగకపోయినా చెప్పాలి.