రక్షణ విషయాలపై పాఠకుడి లేఖ: ఒక పరిశీలన

విద్యార్థులారా! పత్రికా రచనకు సంబంధించిన పాఠాల్లో మీరు సంపాదకీయం గురించి, వార్తా కథనం గురించి చదివి ఉంటారు. ‘సంపాదకుడికి లేఖ’ను మాత్రం చాలా పాఠ్యగ్రంథాలు అర పేజీలో దాటేస్తాయి. జీతం లేకుండా, ఎవరూ అడగకుండా, ఒక మనిషి తనంతట తాను పత్రికకు రాసే రచన అది. దాన్ని కూడా విమర్శ దృష్టితో చదవవలసిందేనని నా అభిప్రాయం. ఇక్కడ అందులో ఒక్క రకాన్నే తీసుకుంటున్నాను. సైన్యంలో ఎన్నడూ పనిచేయని పాఠకుడు దేశ రక్షణ విషయాలపై రాసే లేఖ అది.

అటువంటి పాఠకుడు మీ ఊళ్లోనూ ఉంటాడు. మా వడమాలపేటలో పుత్తూరు–తిరుపతి దారి పక్కన టీ అంగట్లో కూర్చుని పేపరు చదివేవాళ్లలో ఒకరిద్దరు తప్పకుండా ఈ కోవవారే. తేజస్ మొదట ఎగిరింది 2001 జనవరి 4న అని, పృథ్వి క్షిపణిని మొదట పరీక్షించింది 1988 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచే అని తడుముకోకుండా చెబుతారు. పేపర్లో పొరపాటు కనిపిస్తే ఆ రాత్రే లేఖ రాస్తారు. అది అచ్చు కాదు. మళ్లీ రాస్తారు.

ఆ లేఖ సాధారణంగా ఎలా మొదలవుతుందో గమనించండి. ‘అయ్యా, గత ఇరవై ఏళ్లుగా రక్షణ రంగాన్ని నిశితంగా అధ్యయనం చేస్తున్న నేను...’ వాక్యం నాలుగు పంక్తులు సాగినా క్రియ రాదు, విషయమూ రాదు. చదివేవాడికి అప్పటికి తెలిసింది రాసినవాడి గురించే. తర్వాత ఆయుధాల పేర్లు, అంకెలు. చివరన, తన వ్యాసాలకు పత్రికలో చోటు ఇవ్వాలని ఒక వినతి. ఉత్తరం అడుగుతున్నది దిద్దుబాటునా, గుర్తింపునా? రెండూ ఒకే కాగితంపై కలిసిపోయినప్పుడు దిద్దుబాటు ఓడిపోతుంది.

ఇది ఎవరినో ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. 1999లో కార్గిల్ యుద్ధ సమయంలో ఒక పత్రిక బోఫోర్స్‌ను ‘తుపాకీ’ అని రాసింది. అది 155 మిల్లీమీటర్ల శతఘ్ని. నేను నాలుగు పేజీల ఉత్తరం రాశాను. ఒప్పందం 1986లో కుదిరిందని, 410 శతఘ్నుల కోసమని, ఇంకా ఏమేమో. పేరు కింద నా డాక్టరేటునూ చేర్చాను. మూడు వాక్యాలు అచ్చయ్యాయి. వాటిలో తుపాకీ సంగతి లేదు, డాక్టరేటు మాత్రం ఉంది! చాలాకాలం ఆ పత్రికను తిట్టుకున్నాను. ఇటీవల నకలు తీసి చదివితే, ‘తుపాకీ’ అన్న మాట నా ఉత్తరంలో మూడో పేజీలో గానీ రాలేదని తెలిసింది.

ఇక అసలైన ఉదాహరణకు వద్దాం. 2017 ఫిబ్రవరిలో ‘ఘాజీ’ సినిమా వచ్చింది. దర్శకుడు సంకల్ప్ రెడ్డి. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా పొందింది. అందులో మన జలాంతర్గామి ఒకటి సముద్రం అడుగున పోరాడి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచుతుంది. సినిమాగా బిగువైనదే. కానీ భారత నౌకాదళం ఇన్నేళ్లుగా చెబుతున్నది వేరు. విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ ఘాజీ విశాఖ తీరానికి వచ్చింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది ఇక్కడే ఉందని నమ్మించే పని రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్‌కు అప్పగించారు. 1971 డిసెంబరు 3–4 తేదీల నడిమి రాత్రి రాజ్‌పుత్ వదిలిన పేలుడు గుండ్ల వల్ల ఘాజీ మునిగిందని మన కథనం. తాను పరచిన మైను వల్లనో, లోపలి పేలుడు వల్లనో మునిగిందని పాకిస్తాన్ కథనం. రెండింటిలో ఏదీ సినిమా కథ కాదు. ఆ రాత్రి 90 మందికి పైగా నావికులు ఆ ఇనుప గొట్టంలోనే చనిపోయారు. ఆ శకలం ఇప్పటికీ విశాఖ దగ్గర సముద్రంలోనే ఉంది.

విశాఖ ఆర్కే బీచ్‌లో 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామి దగ్గర, ‘ఘాజీని ముంచింది ఇదేనా?’ అని ఒక తండ్రి కొడుక్కి చూపిస్తూ అడగడం నేను విన్నాను. సినిమా చరిత్రను ఎలా పక్కకు నెడుతుందో అక్కడ అర్థమైంది. దీన్ని సరిదిద్దేది ఎవరు? నౌకాదళ అధికారి తెలుగు పత్రికకు ఉత్తరం రాయడు. విమర్శకులు నటన గురించి, ఛాయాగ్రహణం గురించి రాస్తారు. మిగిలింది టీ అంగట్లో మన పాఠకుడే.

అయితే అతను కూడా ఇక్కడ ఒక గోతిలో పడే ప్రమాదం ఉంది. ‘ముంచింది రాజ్‌పుతే, ఇందులో అనుమానం లేదు’ అని రాశాడనుకోండి. అప్పుడు సినిమా చేసిన పనే అతనూ చేసినట్టు. వివాదంలో ఉన్నదాన్ని తేలిపోయినట్టు చెప్పాడు. ‘మన నౌకాదళం ఇలా చెబుతోంది, పాకిస్తాన్ ఇలా చెబుతోంది, సినిమా ఈ రెండింటికీ దూరంగా ఉంది’ అని రాస్తే మూడు వాక్యాలే. కోయడానికి సబ్ ఎడిటర్‌కు ఏమీ మిగలదు. ఏది ఎవరు చెప్పారో విడదీసి రాయడం ఈ ప్రక్రియలో కష్టమైన పని. తెలిసినవన్నీ కుమ్మరించడం తేలిక.

పత్రికల వైపు తప్పు లేదని కాదు. మన భాషలో డిస్ట్రాయర్ వచ్చినా, ఫ్రిగేట్ వచ్చినా, కార్వెట్ వచ్చినా ‘యుద్ధనౌక’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాం. ఏజెన్సీ వార్తను రాత్రి పదింటికి అనువదించేవాడికి తేడా చెప్పే తీరిక ఉండదు. ఆ తేడా తెలిసిన పాఠకుడిని ‘పిచ్చి’ అని పక్కన పెట్టడం పత్రికకే నష్టం. ఘాజీ ఉదంతంలో ఒకటి నీటి పైన తిరిగే నౌక, మరొకటి నీటి కింద తిరిగేది. ఆ ఒక్క తేడా పోతే కథే మారిపోతుంది.

సైనికుడు కానివాడికి ఈ విషయాల్లో ఏం తెలుస్తుంది అనే ప్రశ్న కూడా పాతదే. పోలండ్‌కు చెందిన ఇవాన్ బ్లాక్ రైల్వేల వ్యాపారంలో ధనికుడైన బ్యాంకరు. రాబోయే యుద్ధంలో సైన్యాలు కందకాల్లో ఇరుక్కుపోతాయని, నేరుగా దాడి చేయడం ఆత్మహత్య అవుతుందని 1898లో ఆరు సంపుటాలు రాశాడు. సైనికాధికారులు చాలామంది పట్టించుకోలేదు. 1914 తర్వాత ఏం జరిగిందో మీకు చరిత్ర పాఠాల్లో ఉంది. ఆరు సంపుటాలు ఎందరు చదువుతారు? 1899లో వచ్చిన ఇంగ్లీషు సంక్షిప్త ప్రతికి ముందు, డబ్ల్యు. టి. స్టెడ్ అనే పత్రికా సంపాదకుడు బ్లాక్‌తో జరిపిన సంభాషణను చేర్చారు. సంపాదకుడు అడుగుతాడు, బ్లాక్ జవాబు చెబుతాడు. అడిగేవాడు ఎదురుగా ఉండేసరికి ఆరు సంపుటాల మనిషి కూడా సూటిగా మాట్లాడవలసి వచ్చింది. మన పాఠకుడికి స్టెడ్ వంటివాడు దొరకడు. ఆ ప్రశ్నలు అతనే వేసుకోవాలి.

అభ్యాసం: ‘ఘాజీ’ చూసి, అందులోని ఏదైనా ఒక్క అంశంపై మీకు నచ్చిన దినపత్రికకు 120 పదాలు మించకుండా లేఖ రాయండి. ‘నేను’ అనే మాట ఒక్కసారికి మించి రాకూడదు. చిత్తుప్రతిని కూడా జతచేసి పంపండి. మీరు కొట్టేసిన వాక్యాలకే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.