నీరు, మంచుగడ్డ, ఆవిరి

త్రిత్వమును నీరు, మంచుగడ్డ, ఆవిరి అని మన బోధకులు కొందరు చెప్పుదురు. వినుటకు సులువే గాని సరికాదు. చెంబెడు నీరు గడ్డకట్టిన తరువాత పారదు గదా! ఆలాగైతే తండ్రియే రూపము మార్చి కుమారుడాయెనని తలంతుము. మరి గెత్సెమనేలో యేసు ఎవరికి మొఱ్ఱపెట్టెను? తనకు తానేనా?

విశాఖపట్నమున డెస్‌గ్రాంజెస్ దొర ఆనందరాయరుగారి సహాయముతో తెనిగించిన మత్తయి సువార్త 1812లో శ్రీరాంపూరున అచ్చయినది. నీయొద్దనున్న మత్తయి సువార్త మూడవ అధ్యాయము చూడుము: కుమారుడు యొర్దానులో, ఆత్మ పావురమువలె, తండ్రి స్వరము ఆకాశమునుండి, ముగ్గురును ఒక్క గడియలోనే. కడపటి అధ్యాయపు బాప్తిస్మపు ఆజ్ఞలోనో, ముగ్గురికిని నామము ఒక్కటే.

వేటకు పోయిన పెనిమిటికొరకు విశాఖ రేవున ప్రార్థించు జాలరి విశ్వాసురాలు తండ్రిని, కుమారుని నామమున వేడుకొనును. మాట రానప్పుడు ఆత్మయే ఆమె పక్షమున మూల్గును.