గోపల్ల గ్రామము: వలసవచ్చిన జనుల ఆత్మకథ

మనుష్యుడు సమాజమును నిర్మించునా, సమాజమే మనుష్యుని నిర్మించునా యను ప్రశ్న పాతది. రెండును సత్యములే యని చెప్పి ఊరకుండుట సులభము. కాని పరభాషాప్రాంతమున వేరూనిన యొక జనసమూహమును పరిశీలించినచో ఆ నిర్మాణ మెట్లు జరుగునో కంటికి కనబడును. స్వస్థలమున నున్నవాడు తన ఆచారమును గూర్చి తలంపనే తలంపడు. వలసవచ్చినవాడు మాత్రము ఏది వెంట తెచ్చుకొనవలెను, ఏది విడువవలెను, ఏది క్రొత్తగా నేర్వవలెను అని అడుగడుగునకు తేల్చుకొనవలసివచ్చును. ఇట్టి నిర్ణయముల చరిత్రను నవలగా వ్రాసిన గ్రంథ మొకటి మన చేరువనే యున్నది. అందలి జనులు తెలుగువారు. వ్రాసినవారు తెలుగు మాతృభాషగా గలవారు. గ్రంథము మాత్రము తమిళము. అది కి. రాజనారాయణన్‌గారి ‘గోపల్ల గ్రామం’ (1976).

రాజనారాయణన్‌గారు 1923లో కోవిల్‌పట్టి సమీపమున ఇడైసెవల్ గ్రామమున రైతుకుటుంబమున జన్మించి, 2021లో తమ తొంబదియెనిమిదవ యేట దివంగతులైరి. అదే యూర, అదే సంవత్సరమున జన్మించిన కు. అళగిరిసామిగారును తెలుగింటివారే. ఒక చిన్న పల్లెలోని తెలుగిండ్లనుండి ఇరువురు తమిళ కథకులు వెలువడి, ఇరువురును సాహిత్య అకాడమీ పురస్కారమును పొందుట సామాన్యవిషయము కాదు. రాజనారాయణన్‌గారికి 1991లో ఆ గౌరవమును తెచ్చిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ ఈ నవలకు కొనసాగింపే.

నవల యొక హత్యతో ఆరంభమగును. దప్పికగొని చెరువునకు వచ్చిన నిండుచూలాలి నొకానొక దొంగ నగలకొరకు నీట ముంచి చంపును. గ్రామస్థులు వానిని పట్టుకొని విచారింతురు. ఈ కథ నడుమ మంగత్తాయారు అను నూటముప్పదియేడేండ్ల ముదుసలి తమవారు ఉత్తరమునుండి తరలివచ్చిన వృత్తాంతమును చెప్పును. చెన్నాదేవి యను కన్య సౌందర్యమును విని ముసల్మాను ప్రభువు ఆమెను కోరుట, బంధుజనమంతయు ఆమెతో రాత్రికి రాత్రి పారిపోవుట, ఏరు అడ్డుపడగా ఒడ్డుననున్న చెట్టు వంగి వారిని దాటించుట, దక్షిణమున అడవిని కాల్చి, నేలను సాగుచేసి, ఊరు కట్టుకొనుట అందలి ఘట్టములు. తుదకు తెల్లవారి ప్రభుత్వపు నీడ ఆ యూరిమీద పడును.

ఈ వలసగాథ రచయిత కల్పన కాదు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటములుగా ప్రకటించిన దక్షిణభారత కులముల గ్రంథమున తొట్టియనాయకులను గూర్చి ఇంచుమించు ఇదే కథ కలదు. అచట వంతెనయైనవి రెండు ఒడ్డులందలి కానుగచెట్లు. ఒకే కథను వేర్వేరు కులములవారు తమదిగా చెప్పుకొనుచున్నారన్నచో అది ఒక కుటుంబమునకు జరిగిన సంఘటన కాదు, ఒక స్థితినుండి పుట్టిన స్మృతి యని గ్రహింపవలెను. చరిత్ర చెప్పునది వేరు. పదునాలుగవ శతాబ్ది ఉత్తరార్ధమున కుమార కంపన మధుర దండయాత్ర, పదునారవ శతాబ్దిలో ఏర్పడి 1736 వరకు నిలిచిన మధుర నాయకరాజ్యము, దాని పాళెయముల వ్యవస్థ, మెట్టసేద్యమునకు తగిన నల్లరేగడి భూములు, ఇవి తెలుగు సైనికులను, రైతులను, చేతిపనివారిని దక్షిణమునకు విడతలు విడతలుగా రప్పించినవి. వచ్చినవారిలో అనేకులు పాలకుల వెంట నడచినవారు. అయినను గాథలో వారు పాలకుల పరివారము కారు. ఆడుబిడ్డ మానముకొరకు ఆస్తిని విడిచిన నిరాశ్రయులు.

ఏల యిట్లు? నాకు తోచిన సమాధాన మిది. పరుల నేలమీద తరతరములు బ్రదుకవలసినవారికి, జయించి వచ్చితిమని చెప్పుకొనుటకంటె శరణుజొచ్చి వచ్చితిమని చెప్పుకొనుట క్షేమము. మొదటి మాట పొరుగువారిని గాయపరచును. రెండవది వారి దయను కోరును. మరియు పిల్లను పరులకీయక పారిపోయిన కథ, కులాంతరవివాహమును నిషేధించు కట్టుబాటునకు మూలస్తంభమైనది. అనగా పూర్వులు గాథను నిర్మించిరి; పిదప ఆ గాథయే మనుమలను నిర్మించినది. కావున దీనిని చరిత్రపాఠముగా బోధించి ఒక మతమువారిపై ద్వేషమును పెంచుట తగదు. ఇది జరిగినదానిని గాక, దానిని చెప్పుకొనినవారి అవసరమును తెలుపుచున్నది.

రచయిత ప్రతిభ ఆ హత్యను వలసగాథ ప్రక్కన నిలుపుటయందున్నది. ఒక స్త్రీ రక్షణకై పుట్టిన యూరిముంగిట, పేరైనను తెలియని మరియొక స్త్రీ హతురాలైనది. తనవారి ఆడుబిడ్డకొరకు దేశమునే విడిచిన సమాజము పరాయి ఆడుబిడ్డకొరకు ఏమి చేయును? గ్రామము తీర్పు చెప్పును. దొంగకు కొరతశిక్ష పడును. ఆ శిక్ష క్రూరము. ఐనను ఆ మృతురాలిని పరాయిదిగా చూడకపోవుటయే గోపల్ల గ్రామమువారు ఆ నేలవారైరనుటకు నిదర్శనము. తీర్పుచెప్పు బాధ్యతను వహించినవాడే ఊరివాడగును. ఆ బాధ్యత తెల్లదొరల కచ్చేరీకి తరలిపోవుటతో ఒక యుగము ముగియును.

లోపములు లేకపోలేదు. అడవిని కాల్చినవారి కంటితోనే కథ నడచును. అంతకుముందు ఆ అడవి నాశ్రయించి బ్రదికినవారి కంటితో నడువదు. పెద్దింటివారి ఔదార్యము విస్తారముగా వర్ణితమైనది. వారి పొలములందు కూలిచేసినవారి మనోగతము అంతగా వినబడదు. స్మృతి యెపుడును చెప్పువారి పక్షము వహించును. నవలాకారుడు దానినుండి మరికొంత దూరముగా నిలిచియుండవలసినది.

మనలో కొందరు వేరొక ఆక్షేపణ చేయుదురు: తెలుగువాడై యుండి తమిళమున వ్రాయనేల? ఈ ఆక్షేపణ న్యాయమైనది కాదు. ఇంటిభాషను తల్లి ఇచ్చును. వ్రాతభాషను బడి, అంగడి, పత్రిక ఇచ్చును. చుట్టునున్న సమాజము ఏ లిపిలో చదువరులను సమకూర్చునో రచయిత ఆ లిపిలోనే వ్రాయును. పైగా వారు వ్రాసినది గ్రంథస్థమైన తమిళము గాక కరిసల్ సీమ పల్లెవాసుల నోటిమాట. ఆ మాటలకు నిఘంటువును సయితము కూర్చిరి. అయినను ఒక వెలితి మనలను బాధించక మానదు. మంగత్తాయారు తన మనుమలకు ఆ కథను ఏ తెలుగులో చెప్పియుండునో, ఆ తెలుగు నవలలో లేదు. కథ దక్కినది, కంఠస్వరము దక్కలేదు.

2011 జనాభాలెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొనినవారు సుమారు 42 లక్షలు. 2006 నాటి శాసనముచేత తమిళము ఒకటవ తరగతినుండి క్రమముగా నిర్బంధమైనది. నివసించు నేల భాషను నేర్చుట మన ధర్మమే. రాజనారాయణన్‌గారి జీవితమే దానికి సాక్ష్యము. కాని తెలుగు వ్రాయనేర్చిన పిల్లలు తగ్గిపోయినచో మన ముదుసలుల కంఠస్వరమును పట్టియుంచువా రుండరు.

ఇందు ఉపాధ్యాయుల తప్పును కలదు. వ్యాసమున నొక బాలుడు ‘అమ్మ కూడు పెట్టినాది’ అని వ్రాయగా, ‘కూడు’ను ఎర్రసిరాతో కొట్టివేసి ‘అన్నము’ అని దిద్దినవాడను నేనే. ఆ బాలుడు మరల తన యింటిమాటను నా యెదుట పలుకలేదు. కావ్యములందు నిక్షేపమువలె నున్న మాటను వాని నాయనమ్మ వాడుకలో నిలిపినదని నాకు తోచుటకు ఈ నవల చదువవలసివచ్చినది. ఇప్పుడు ప్రతి విద్యార్థిచేతను ఇంటి పెద్దలు చెప్పిన కథ నొకదానిని, వారు చెప్పిన మాటలతోనే, వ్రాయించుచున్నాను; వర్ణక్రమము తప్ప మరేమియు దిద్దుట లేదు. ఆ నోటుపుస్తకములలో ఇప్పటికే మూడు ఏరులు, రెండు చెట్లు చేరినవి.