సముద్రము తరుగనిదా? రేచెల్ కార్సన్ గ్రంథముపై ఒక విమర్శ

అమెరికా దేశపు జీవశాస్త్రజ్ఞురాలు రేచెల్ కార్సన్ ఆంగ్లమున రచించిన 'మన చుట్టునున్న సముద్రము' అను గ్రంథము 1951వ సంవత్సరమున వెలువడినది. ఆ దేశమున అత్యధికముగా అమ్ముడుపోయిన పుస్తకముల పట్టికలో అది 86 వారములు నిలిచినది. 1952లో జాతీయ గ్రంథ పురస్కారమును పొందినది. అది నవల కాదు, యాత్రా కథనము కాదు. సముద్రమును గూర్చిన శాస్త్ర విషయములే దానియందు గలవు. అట్టి పుస్తకమును లక్షలమంది చదువుట విశేషమే. అయినను ఈనాడు దానిని చదువు ఉపాధ్యాయులును, విద్యార్థులును మెచ్చుకొనుటతో ఆగరాదు. ఒక దేశపు నదులు, సరస్సులు, సముద్రజలములు ఆరోగ్యముగా నున్నవో లేవో తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు ఆ గ్రంథము మొదట తప్పు సమాధానమిచ్చినది. పది సంవత్సరముల తరువాత ఆ తప్పును రచయిత్రియే దిద్దినది. తప్పు ఎందుకు జరిగినది? దిద్దుబాటు ఎంతవరకు చాలును? విచారింపవలసినది ఇదియే.

ముందుగా గ్రంథపు గుణములను చెప్పుట న్యాయము. కార్సన్ 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రములో ఎం.ఏ. పట్టము పొంది, ప్రభుత్వ మత్స్యశాఖలో చాలకాలము పనిచేసినది. శాస్త్రజ్ఞుల నివేదికలలో మరుగుపడియున్న సంగతులను సామాన్యునికి అర్థమగు మాటలలో చెప్పుట ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. సముద్రపు అడుగున కోట్ల సంవత్సరములుగా మట్టియు, సూక్ష్మజీవుల పెంకులును మంచువలె మెల్లమెల్లగా రాలి పేరుకొనుటను వర్ణించిన ప్రకరణము ఇప్పటికిని ఏ తరగతిలోనైనను చదివి వినిపింపదగినది. ఆటుపోట్లు, అలలు, ప్రవాహములు, ద్వీపముల పుట్టుక, ఇవియన్నియు ఒకదానితో నొకటి ఎట్లు ముడిపడియున్నవో పాఠకునికి కన్నులకు కట్టినట్లుండును.

గ్రంథములో కాలముచేత పాతబడిన భాగములును కలవు. పసిఫిక్ మహాసముద్రపు గుంటనుండియే చంద్రుడు విడిపోయెనను ఊహకు మొదటి ప్రకరణమున పెద్ద స్థానము కలదు. నేటి శాస్త్రజ్ఞులలో అధికులు దానిని అంగీకరింపరు. మరియొక గ్రహమువంటి గోళము భూమిని ఢీకొనగా చెదరిన పదార్థమునుండి చంద్రుడు ఏర్పడెనని వారి అభిప్రాయము. సముద్రతలము విస్తరించుచున్నదనియు, ఖండములు కదలుచున్నవనియు ఋజువైనది 1960 తరువాత. ఇట్టివి తప్పులని రచయిత్రిని నిందించుట తగదు. ఆనాటికి తెలిసినదానిని ఆమె చెప్పినది.

అసలు లోపము వేరు. మానవుడు ఖండములను లోబరచుకొని పాడుచేసినట్లు సముద్రమును మార్చజాలడని ఆమె 1951లో నిశ్చయముగా వ్రాసినది. ఈ మాటకు అదే గ్రంథములోని మరియొక ప్రకరణము ఎదురు నిలుచుచున్నది. ద్వీపములను గూర్చి వ్రాయుచు, మానవుడు తన వెంట తెచ్చిన ఎలుకలును, కుందేళ్లును అచ్చటి పక్షిజాతులను ఎట్లు నాశనము చేసెనో ఆమెయే వివరించినది. ఆస్ట్రేలియాకు తూర్పుననున్న లార్డ్ హౌ ద్వీపమున 1918లో ఒక ఓడ నేలకు తగులుకొనగా, దానిలోని ఎలుకలు ఒడ్డునకు చేరి, మరెచ్చటను లేని పక్షులను కొలది సంవత్సరములలోనే రూపుమాపినవి. ద్వీపమున ఒక్క ఓడ ఇంత చేయగలిగినప్పుడు, ఆ ద్వీపమును చుట్టియున్న నీటికి మాత్రము హాని లేదనుట ఎట్లు పొసగును?

ఈ పొరపాటు కార్సన్ ఒక్కతెది కాదు. 1883లో లండనున జరిగిన అంతర్జాతీయ మత్స్య ప్రదర్శనమున ప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు థామస్ హక్స్‌లీ కాడ్, హెర్రింగ్ మొదలగు గొప్ప సముద్ర మత్స్యసంపదలు తరుగనివని చెప్పెను. ఆనాటి పడవలను, వలలను బట్టి ఆ మాట తోచియుండవచ్చును. కాని యంత్రనౌకలు వచ్చి, చేపలను కనిపెట్టు సాధనములు వచ్చి, వలలు పెద్దవైనపుడు కథ మారినది. కెనడా దేశపు న్యూఫౌండ్లాండు తీరమున శతాబ్దములపాటు లభించిన కాడ్ చేప తరిగిపోగా, 1992 జూలైలో ప్రభుత్వమే ఆ వేటను నిలిపివేయవలసి వచ్చెను. దాదాపు 30,000 మంది జీవనోపాధి కోల్పోయిరి. సముద్రము ఎండిపోలేదు. నీరు పూర్వమెంతయో అంతయే ఉన్నది. నీటిలోని ప్రాణి మాత్రము లేకుండెను.

హక్స్‌లీయు, కార్సన్‌యు ఒకే కొలబద్దను వాడిరి. భూమి ఉపరితలములో నూటికి 71 వంతులు సముద్రము. లోతు కొన్నిచోట్ల పది కిలోమీటర్లకు మించినది. ఇంత నీటిలో మానవుడు ఏమి కలిపినను కరగిపోవును గదా యని తోచుట సహజము. కాని ఇది పరిమాణపు లెక్క, ఆరోగ్యపు లెక్క కాదు. మనుష్యుని ఆరోగ్యమును అతని బరువునుబట్టి నిర్ణయించు వైద్యుడు లేడు.

1961లో ఆ గ్రంథము రెండవ కూర్పు వెలువడినప్పుడు కార్సన్ క్రొత్త పీఠికను చేర్చినది. సముద్రము మానవుని చేతికి అందనిదను నమ్మకము అమాయకమైనదని అందులో ఒప్పుకొన్నది. కారణము అణుశక్తి పరిశ్రమనుండి వచ్చిన రేడియోధార్మిక వ్యర్థములు. 1946 మొదలు అమెరికా వానిని పీపాలలో నింపి సముద్రమున పడవేయుచుండెను. 1954 మార్చిలో బికినీ ద్వీపమువద్ద హైడ్రోజన్ బాంబు ప్రయోగము జరుగగా, దూరముననున్న జపాను చేపల పడవపై బూడిద రాలినది. ఆ సంవత్సరము జపాను రేవులకు వచ్చిన ట్యూనా చేపలలో రేడియోధార్మికత కనబడి, ఎన్నింటినో పారవేసిరి.

ఈ పీఠికలో గమనింపవలసిన శాస్త్ర విషయమొకటి కలదు. సముద్రపు నడిలోతులలోని అసంఖ్యాక ప్రాణులు రాత్రి పైకి వచ్చి, తెల్లవారుసరికి తిరిగి దిగువకు పోవును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ధ్వనితో లోతు కొలుచు పరికరములు ఈ ప్రాణుల పొరను తగిలి, అడుగు అచ్చటనే ఉన్నట్లు భ్రమ కలిగించినవి. 1951 గ్రంథములో ఇది ఒక వింతగా వర్ణింపబడినది. 1961 పీఠికలో అదే సంగతి సాక్ష్యమైనది. ఒకచోట పడిన విషము పడినచోటనే ఉండదు. ప్రాణులు దానిని శరీరములలో చేర్చుకొని పైకిని, క్రిందికిని, దూరతీరములకును మోసికొనిపోవును. అనగా తన నమ్మకము తప్పని చూపు ఆధారము పది సంవత్సరముల పూర్వమే ఆమె గ్రంథమున ఉన్నది. దానిని ఆమె అందముగా చూచినది గాని, ప్రశ్నింపలేదు.

పీఠిక వ్రాయుట నిజాయితీగల పని. కాని మూలపాఠములోని ఆ పాతవాక్యము అట్లే నిలిచియున్నది. పీఠికను దాటి నేరుగా ప్రకరణములకు పోవు విద్యార్థి ఇప్పటికిని పాత నమ్మకమునే నేర్చుకొనును. రచయిత్రి మూలమునే సవరించియుండిన బాగుగ నుండెడిది.

దిద్దుబాటు పూర్తియైనది 1962లో వచ్చిన 'నిశ్శబ్ద వసంతము' అను గ్రంథములో. కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అను సరస్సు కథ అందులో కలదు. అచ్చట దోమవంటి చిన్న పురుగుల బాధ తీర్చుటకై 1949లో డి.డి.డి. అను మందును ఏడుకోట్ల పాళ్ల నీటికి ఒక పాలు చొప్పున కలిపిరి. 1954లోను, 1957లోను ఐదుకోట్లకు ఒక పాలు చేసిరి. 1954 నాటి మోతాదు తరువాతనే చేపలు తిను గ్రీబ్ అను నీటిపక్షులు చచ్చుట మొదలైనది. చివరిసారి మందు వేసిన కొద్దికాలమునకు నీటిని పరీక్షింపగా మందు జాడయే లేదు! కాని నీటిలో తేలు సూక్ష్మజీవులలో పదిలక్షలకు 5 పాళ్లు, పక్షుల కొవ్వులో పదిలక్షలకు 1,600 పాళ్లు కనబడినది. నీటిలో కలిపిన మోతాదుకు ఇది 80,000 రెట్లు. సూక్ష్మజీవిని చిన్నచేప, చిన్నచేపను పెద్దచేప, దానిని పక్షి తినగా, ప్రతి మెట్టునను విషము పేరుకొన్నది. సీసాలోని నీరు సరస్సు ఆరోగ్యముగా నున్నదని చెప్పినది. పక్షి శరీరము నిజము చెప్పినది. కార్సన్ రచనలన్నింటిలో ఉపాధ్యాయునికి అత్యంతము ఉపయోగించునది ఈ పాఠమే.

ఇంకను ఒక కొరత మిగిలియున్నది. సముద్ర గ్రంథములో నది ఉప్పులను, మట్టిని సముద్రమునకు చేర్చు వాహకము మాత్రమే. దేశపు పొలముల, పట్టణముల మలినమంతయు నదివెంట సముద్రమునకు చేరునను ఊహకు అందులో చోటు లేదు. దీనికి ఉదాహరణము ఆమె దేశముననే కలదు. మిసిసిపీ నది 31 రాష్ట్రముల నీటిని తెచ్చి మెక్సికో సింధుశాఖలో కలుపును. పొలములలో వేసిన నత్రజని, భాస్వరము ఎరువులు ఆ నీటితో వచ్చి సముద్రమున నాచును విపరీతముగా పెంచును. నాచు చచ్చి అడుగునకు దిగినప్పుడు దానిని కుళ్లించు సూక్ష్మజీవులు నీటిలోని ఆమ్లజనిని వాడివేయును. పైన తేలికైన నదీజలము కప్పియుండుటచేత క్రిందికి క్రొత్త ఆమ్లజని దిగదు. చేపలు పారిపోవును, పారిపోలేనివి చచ్చును. 1985 నుండి శాస్త్రజ్ఞులు ఈ నిర్జీవ ప్రాంతమును కొలుచుచున్నారు. 2017 వేసవిలో అది 22,720 చదరపు కిలోమీటర్లు ఉండెను. 2035 నాటికి దానిని 5,000 చదరపు కిలోమీటర్లకు తగ్గింపవలెనని ఆ దేశము లక్ష్యముగా పెట్టుకొన్నది. ఆ లక్ష్యము నెరవేరుట సముద్రముపై చేయు పనినిబట్టి కాక, వందల మైళ్ల దూరమున మొక్కజొన్న పొలములో రైతు వేయు ఎరువునుబట్టి యుండును.

తెలుగు పాఠకునికి ఈ సంగతి పరాయిది కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరులోనికి బుడమేరు, తమ్మిలేరులతోపాటు పొలముల మురుగు కాలువలును, పట్టణముల మురుగును చేరును. దాని నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతమున కలియును. 1999లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల జాబితాకు ఎక్కినది. 2006లో ప్రభుత్వము అందులోని చేపల చెరువుల గట్లను తెగగొట్టించినది. సరస్సు, కాలువ, సముద్రము వేరువేరు పాఠములుగా బోధించినంతకాలము ఈ చర్యల అర్థము విద్యార్థికి బోధపడదు.

కావున కార్సన్ గ్రంథమును తరగతికి తెచ్చు ఉపాధ్యాయుడు 1951 నాటి మొదటి ప్రకరణమును, 1961 నాటి పీఠికను ప్రక్కప్రక్కన పెట్టి చదివింపవలెను. శాస్త్రము తన తప్పును ఎట్లు కనుగొనునో తెలియుటకు అంతకన్న సులభమైన ఉదాహరణము దొరకదు. ఆపైన విద్యార్థులను ఊరి చెరువునకు గాని, కాలువకు గాని తీసికొనిపోవచ్చును. నీరు తేటగా ఉన్నదా యని మాత్రమే కాక, అందులో తూనీగ పిల్లలున్నవా, నత్తలున్నవా, కప్పలున్నవా, లేక ఆమ్లజని తక్కువైనచోటను బ్రతుకగల ఎర్రని పురుగులే మిగిలినవా యని వెదకి వ్రాసికొనవలెను. ప్రతి సంవత్సరము ఒకే నెలలో, ఒకే చోట అట్లు చేసి, ఆ పట్టికలను పాఠశాలలో భద్రపరచినచో, ఐదారు సంవత్సరములకు ఆ ఊరి నీటి ఆరోగ్యము తెలియును. ఈ పద్ధతిని కార్సన్ తన సముద్ర గ్రంథమున చెప్పలేదు. ఆ గ్రంథపు తప్పును సరిగా అర్థము చేసికొన్నవారికి మాత్రము ఇది తప్పక తోచును.