సవ్యాఖ్యాన ప్రతి యెన్నిక: ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల రెండు పాఠములు

ప్రబంధమును పాఠము చెప్పబూనిన అధ్యాపకుడు ముందుగా విచారించునది దాని పాఠమును గూర్చియే. ఏ వ్రాతప్రతి ననుసరించి అచ్చువేసిరి, పరిష్కర్త యెవరు, పాఠాంతరములను చూపెనా లేదా అని తెలిసికొన్న పిదపనే వ్యాఖ్యవైపు చూచును. నవల విషయమున ఈ జాగ్రత్త మనలో సన్నగిల్లినది. అచ్చుయంత్రము వచ్చిన తరువాత పుట్టిన గ్రంథమునకు పాఠభేదమేమిటని కాబోలు, అట్టమీద ‘సవ్యాఖ్యానము’ అను మాట కనబడినంతనే తృప్తి పడుచున్నాము. టిప్పణు లెంత యెక్కువగా నున్న అంత మేలని తలచుచున్నాము. మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను పరిశీలించినచో ఈ అలవాటు ఎంత చిక్కు తెచ్చునో తెలియగలదు.

ఈ నవల 1818 జనవరిలో లండనులో రచయిత్రి పేరు లేకుండ మూడు సంపుటములుగా వెలువడినది. అచ్చయిన ప్రతులు 500. 1823లో ఆమె తండ్రి విలియం గాడ్విన్ పూనికతో, ఆమె పేరుతో, రెండు సంపుటములుగా మరల అచ్చయినది. 1831లో ఆమెయే కథను సవరించి, క్రొత్త పీఠిక చేర్చి, ఏకసంపుటముగా ప్రకటించినది. చిరకాలము లోకమున చెల్లుబడియైనది ఈ కడపటి పాఠమే. 1974లో జేమ్స్ రీగర్ 1818 పాఠమును పరిష్కరించి ప్రకటించిన పిమ్మట విమర్శకుల దృష్టి మొదటి పాఠమువైపు మరలినది. పెర్సీ షెల్లీ భార్య వ్రాతప్రతిలో చేసిన మార్పులు చార్లెస్ రాబిన్సన్ 1996లో ప్రకటించిన నకలు ముద్రణము వలన స్పష్టమైనవి.

ఈ రెండు పాఠముల భేదము పదముల సవరణతో ఆగునది కాదు. మొదటి పాఠమున విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ తన దోషమునకు చాలవరకు తానే కర్త. రెండవదానిలో విధి, దైవయోగము అను భావములు అడుగడుగున చేరి ఆ బాధ్యతను పలుచన చేసినవి. బాల్యమున పిడుగుపాటును చూచిన ఘట్టము మరియొక నిదర్శనము. 1818లో విద్యుత్తును గూర్చి వివరించినవాడు తండ్రి. 1831లో ఆ పని ఒక శాస్త్రజ్ఞునకు అప్పగింపబడినది, గాల్వనిజము అను మాట అప్పుడే ఆ ఘట్టమున ప్రవేశించినది. పందొమ్మిదేండ్ల ప్రాయమున నవలను ముగించిన యువతికి, భర్తను బోగొట్టుకొని ముప్పదినాలుగేండ్లకు పీఠిక వ్రాసిన స్త్రీకి ఇంత యెడమున్నది. 1831 వాక్యము నుదాహరించి అది 1818 నాటి ఆలోచన యని వ్రాసిన పరిశోధన వ్యాసము పునాదియందే చెడును. బోధనకు మొదటి పాఠమే తగినదని ఆన్ మెల్లర్ వాదించెను; రెండవదానికిని గౌరవ మీయవలెనని నోరా క్రుక్ సమర్థించెను. మెల్లర్ పక్షమే నాకు బలముగా తోచుచున్నది. అయినను రెండవ పాఠమును దాచిపెట్టు ప్రతిని నేను మెచ్చను.

అధ్యాయముల లెక్కయు వేరే. నేనొకసారి తరగతిలో, నిర్మించిన రూపము కన్ను తెరచు ఘట్టము అయిదవ అధ్యాయమున గలదని చెప్పగా, ఒక విద్యార్థి తన ప్రతిలో అది నాల్గవ అధ్యాయమని పట్టుబట్టెను. ఇరువుర మాటయు సత్యమే. అతని చేతిలో నున్నది 1818 పాఠము, నా చేతిలోనిది 1831 పాఠము.

ఇక ప్రతుల సంగతి. ఎం. కె. జోసెఫ్ 1969లో ఆక్స్‌ఫర్డు వారికి సిద్ధపరచినది 1831 పాఠము. మార్లిన్ బట్లర్ 1993లో పరిష్కరించినది 1818 పాఠము, 1831లోని ముఖ్యమైన మార్పులను అనుబంధముగా చూపినది. పరిశోధక విద్యార్థి సొంతముగా కొనదగినది ఇదియే యని నా అభిప్రాయము. ఉల్ఫ్‌సన్, లెవావోల 2012 ప్రతియు, లెస్లీ క్లింగర్ 2017 ప్రతియు పెద్ద ఆకారమున, చిత్రములతో, అంచులనిండ టిప్పణులతో నున్నవి. క్లింగర్ పాఠభేదములను చూపుటలో శ్రద్ధ వహించెను గాని, టిప్పణు లించుమించు వేయి. మూలము లేనిది వ్రాయకుండుట, అక్కరలేనిది చెప్పకుండుట మల్లినాథుడు తనకు విధించుకొన్న నియమము. ఈ కాలపు వ్యాఖ్యాతలు మొదటి సగమును పాటించి రెండవ సగమును మరచిరి. గ్రంథాలయమున ఉంచి అవసరమైనప్పుడు తెరచి చూచుటకు క్లింగర్ ప్రతి మంచిది. మొదటిసారి చదువరి చేతికి ఈయదగినది కాదు.

మనకు వీరెవ్వరును వ్రాయని టిప్పణి యొకటి కలదు. 1818 పాఠమున విక్టర్ వివాహమాడదలచిన ఎలిజబెత్ అతని తండ్రి సోదరి కుమార్తె, అనగా మేనత్త కూతురు. 1831లో రచయిత్రి ఆ బంధుత్వమును త్రెంచి, ఆమెను మిలాను నగరపు ప్రభువొకని కుమార్తెగా, పేద రైతుల యింట పెరిగి దొరికిన పిల్లగా మార్చినది. రక్తసంబంధ వివాహమను శంకను పోగొట్టుటకే ఈ మార్పని విమర్శకు లూహింతురు. తెలుగు విద్యార్థికి ఆ శంకయే కలుగదు. మేనరికము మనకు కావలసిన సంబంధము. కోడలిని పసితనముననే నిశ్చయించుకొన్న విక్టర్ తల్లి అతనికి వింతగా కనబడదు. ఒకే యింట అన్నాచెల్లెండ్రవలె పెరిగిన వారిరువురి నడుమ కథకురాలు పెట్టిన ఇబ్బందిని అతడు గమనింపకయే పుట త్రిప్పును. బట్లర్ ప్రతి మొదటి అధ్యాయపు అంచున అధ్యాపకుడు ఆ నాలుగు ముక్కలు పెన్సిలుతో వ్రాసికొని తరగతికి పోవలెను.