కొలబద్దగా నిలబెట్టిన మనిషి

గౌతమీ గోదావరి ఒడ్డున వున్న కపిలేశ్వరపురం ఒకప్పటి జమీందారీ వూరు. 1973లో పెట్టిన శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల వల్ల కూడా దాని పేరు బయటికి తెలుసు. కెమెరాతో యిలాంటి వూళ్ళు చూడవచ్చేవాళ్ళకి అలవాటైన దారొకటి వుంది: రేవు, గుడి, మండువా యిల్లు, సంత. ఆ దారి మాల మాదిగ పేటల దాకా రాదు.

ఈ చూపు కొత్తది కాదు. 19వ శతాబ్దంలో కట్టడాల్ని ఫొటో తీసిన తెల్లవాళ్ళు, ఎత్తు తెలియడానికి స్తంభం పక్కన స్థానికుణ్ణొకణ్ణి నిలబెట్టేవాళ్ళు. స్తంభం చరిత్ర రాశారు గానీ మనిషి పేరు రాయలేదు. అతనొక కొలబద్ద, అంతే. 1868-75 మధ్య ఎనిమిది సంపుటాలుగా వచ్చిన 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' మనుషుల్నే తీసింది. అయితే అక్కడ కులాల, తెగల పేర్లే ఎక్కువ.

యివాళ్టి 'వారసత్వ' ఫొటోల్లో ఆ కులం ప్రస్తావన కూడా మాయమైంది. మండువాలో పడే వెలుతురు చూసి మురిసిపోతారు. సున్నం, యిటుక మోసిందెవరు, కట్టాక ఎవర్ని గుమ్మం దగ్గరే ఆపేశారు అని అడగరు. గోపురం తీస్తారు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టం చెయ్యాల్సి వచ్చిందన్నది ఆ గోపురం చరిత్ర కాదా? అంబాజీపేట మార్కెట్లో కొబ్బరి రాశులు అందంగా వస్తాయి. కాయ ఒలిచే మనిషి వంగిన వీపూ అందంగానే వస్తుంది! అతని కూలి మాత్రం ఫొటో కింద వుండదు.

మరి పేటలోకి వచ్చి తీస్తే సరిపోతుందా? సరిపోదు. చిరిగిన చొక్కా, చింపిరి జుట్టు పిల్లాడూ జాలి పుట్టిస్తారు. అక్కడా మనిషి మళ్ళీ కొలబద్దే, యీసారి పేదరికానికి. ముంబై పారిశుద్ధ్య కార్మికుల్ని ఏళ్ళ తరబడి తీసిన సుధారక్ ఓల్వే పద్ధతి వేరు. ఆ పనిని కొన్ని కులాల నెత్తికే ఎత్తిన వ్యవస్థని ఆయన ఫొటోలు నిలదీస్తాయి.

జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో యిళ్ళు తగలబెట్టారు. పేరు కోసం యింత జరిగిన నేల మీద, ఫొటో కింద పేరు చిన్న విషయమని మేము అనుకోవడం లేదు. కెమెరా పట్టిన విద్యార్థి మిత్రులకి మేం చెప్పేదొకటే: అడిగి తియ్యండి. వాళ్ళు సరేనంటే పేరు రాయండి. ఆ పాత యింటితో తమ సంబంధమేమిటో వాళ్ళనే చెప్పనివ్వండి.